మోకాలి దగ్గర బొక్కలో గడ్డ: జెయింట్ సెల్ ట్యూమర్‌కు ఆపరేషన్ ఎలా చేస్తారు, కాలు దక్కుతుందా?

పోయిన ఎపిసోడ్‌లో యాభై దాటిన వాళ్ళ మోకాళ్ళ అరుగుదల గురించి మాట్లాడుకున్నాం. ఈ రోజు విషయం కూడా మోకాలిదే, కానీ ఇది వయసులో ఉన్న వాళ్ళకు వచ్చే జబ్బు. ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య, అంటే ఇంటికి సంపాదించి పెట్టే వయసులో, మోకాలి కీలుకు ఆనుకుని బొక్కలో ఒక గడ్డ పెరుగుతుంది. దాని పేరు జెయింట్ సెల్ ట్యూమర్. మేం పొట్టిగా జీ.సీ.టీ. అంటాం.

ఎక్స్‌రే చూపించి ఈ పేరు చెప్పగానే కరీంనగర్ వాళ్ళయినా, ఆదిలాబాద్ వాళ్ళయినా అడిగేవి రెండే ప్రశ్నలు. "క్యాన్సరా సార్?" అని ఒకటి. "కాలు తీసేస్తరా?" అని రెండోది. మొదటి దానికి జవాబు, కాదు. రెండో దానికి జవాబు, దాదాపు ఎప్పుడూ తీయాల్సిన పని లేదు. కానీ ఈ రెండు జవాబులు వినగానే కొంతమంది "అయితే ఏం ఫరవాలేదు, పత్తి ఏరుడు అయినంక చూద్దాం" అని లేచి వెళ్ళిపోతారు. ఆ నాలుగు నెలల్లో పోయేది ప్రాణం కాదు, మోకాలు. అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

మన శరీరంలో బొక్క అంటే సిమెంటు స్తంభం లాగా కదలకుండా ఉండేది కాదండి. పాత బొక్కను తినే కణాలు కొన్ని, కొత్త బొక్కను కట్టే కణాలు కొన్ని, రోజూ పని చేస్తూనే ఉంటాయి. తినే వాటిని ఆస్టియోక్లాస్టులు అంటారు. ఈ జబ్బులో ఏమవుతుందంటే, బొక్క చివరన కొన్ని చెడిపోయిన కణాలు పుట్టి, తినే కణాలను గుంపులు గుంపులుగా పిలుస్తుంటాయి. మైక్రోస్కోపు కింద పెద్ద పెద్దగా కనబడేవి ఆ తినే కణాలే, వాటి మూలంగానే ఈ పేరు. నిజానికి అవి కూలీలు. అసలు దోషి పక్కన చిన్నగా కనబడే కణం, అది మేస్త్రీ. కూలీలను ఎంతమందిని పంపించినా మేస్త్రీ ఉన్నంతకాలం కొత్త వాళ్ళు వస్తూనే ఉంటారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత ఇంజెక్షన్ గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

తలుపు చౌకట్టుకు చెదలు పట్టడం చూసే ఉంటారు. పైన రంగు బాగానే ఉంటది, వేలితో నొక్కితే లోపలికి పోతది. ఇది కూడా అంతే. మోకాలికి పైన తొడ బొక్క కింది కొస, మోకాలికి కింద కాలి బొక్క పై కొస, ఈ రెండు చోట్లే ఎక్కువగా వస్తుంది. ఈ గడ్డలు మొత్తం తీసుకుంటే సగం దాకా మోకాలి చుట్టూనే ఉంటాయి. మూడో చోటు చేతి మణికట్టు. బొక్క పెరుగుదల ఆగిపోయిన వాళ్ళలోనే సాధారణంగా వస్తుంది కాబట్టి చిన్న పిల్లల్లో అరుదు. ఆడవాళ్ళలో కొంచెం ఎక్కువ.

ఇంకో సంగతి. ఇది మన వైపు అంత అరుదైన జబ్బేం కాదు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో బొక్కలో పుట్టే గడ్డల్లో వందకు ఐదు దాకా ఇవి ఉంటే, చైనాలో, మన దక్షిణ భారతంలో వందకు ఇరవై దాకా ఉంటాయని పుస్తకాల్లో రాస్తారు. 1974లోనే రెడ్డి, రావు, రాజకుమారి అనే డాక్టర్లు దక్షిణ భారతంలోని ఈ గడ్డల మీద అమెరికాలో అచ్చయ్యే జర్నల్ ఆఫ్ బోన్ అండ్ జాయింట్ సర్జరీలో వ్యాసం రాశారు. అంటే యాభై ఏళ్ళ కిందటే మన వాళ్ళు గమనించిన జబ్బు ఇది. అయినా ఊళ్ళల్లో దీని పేరు తెలిసిన వాళ్ళు తక్కువ.

సరే, ఇది ఎట్లా బయటపడుతుంది? జగిత్యాల దిక్కు నుంచి ఒక పిల్లగాడు అనుకుందాం, ఇరవై ఆరేళ్ళు. దుబాయి వీసా వచ్చింది. మోకాలు లోపలి పక్క నాలుగు నెలల నుంచి నొప్పి. మొదట్లో నడిస్తేనే నొప్పి, ఇప్పుడు రాత్రి పడుకున్నా నొప్పి. వాలీబాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అనుకున్నాడు. ఊళ్ళో ఆర్.ఎం.పీ. దగ్గర నొప్పి సూదులు వేయించుకున్నాడు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఎవరో చెప్తే పసరు కట్టు కట్టించుకున్నాడు. ఈ మొత్తంలో ఒక్క ఎక్స్‌రే లేదు. ఇట్లాంటి కథ మాకు కొత్త కాదు. మనిషి మారతాడు, ఊరు మారుతుంది, కోరుట్లలో బీడీలు చుట్టే ఆమె కావచ్చు, సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే అతను కావచ్చు, ఉట్నూరు దగ్గర గూడెంలో వ్యవసాయం చేసుకునే అతను కావచ్చు. నలభై లోపు వయసులో ఒకటే మోకాలు, అదీ మూడు నాలుగు వారాలైనా తగ్గని నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, పక్కన కొంచెం ఉబ్బు. అది వాతం కాదు, అరుగుదల కాదు. ముందు ఎక్స్‌రే తీయించండి. జిల్లా దవాఖానలో ఉచితంగా తీస్తారు.

మాలిష్ గురించి ఒక మాట. నాటు వైద్యం మీద నాకేం కోపం లేదండి, చిన్న బెణుకులకు వాళ్ళ దగ్గర ఉపశమనం పొందిన వాళ్ళు ఉన్నారు. కానీ లోపల చెదలు తిన్న బొక్కను గట్టిగా పిసికితే, మెలి తిప్పితే అది విరుగుతుంది. విరిగితే లోపలున్న గడ్డ చుట్టుపక్కల కండలోకి, ఒక్కోసారి కీలు లోపలికి కూడా పోతుంది. చిన్నగా అయ్యే ఆపరేషన్ అక్కడితో పెద్దదైపోతుంది. కీలు లోపలికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా అంతే, ఎక్స్‌రే లేకుండా వేయించుకోవద్దు.

ఎక్స్‌రేలో మాకు కనబడేది ఇది: బొక్క చివర ఒక పక్కకు నల్లగా ఖాళీ, అది కీలు అంచు దాకా పోయి ఉంటుంది, చుట్టూ గట్టి గీత ఉండదు. కొన్నిటిలో లోపల సబ్బు నురగ బుడగల లాగా గీతలు ఉంటాయి. అనుమానం రాగానే ఎం.ఆర్.ఐ. చేయిస్తాం, గడ్డ బొక్క దాటి బయటికి వచ్చిందా, కీలులోకి పోయిందా, వెనక ఉన్న రక్తనాళాలకు ఎంత దగ్గరగా ఉంది అన్నది తెలియడానికి. ఛాతీకి కూడా ఎక్స్‌రే గానీ స్కానింగ్ గానీ తీస్తాం. "మోకాలు నొప్పికి ఛాతీ ఫోటో ఎందుకు సార్, బిల్లు కోసమా?" అని ఒక్కోసారి మొహం మీదే అడుగుతారు. అడగడం తప్పు కాదు. ఎందుకో తర్వాత చెప్తా.

ఇక రక్త పరీక్ష. ఇది చాలా చోట్ల మర్చిపోతారు, నాకు మాత్రం ఇది తప్పనిసరి. కాల్షియం, ఫాస్ఫరస్, అవసరమైతే పారాథైరాయిడ్ హార్మోన్. గొంతులో థైరాయిడ్ వెనక చిన్న చిన్న గ్రంథులు నాలుగు ఉంటాయి. వాటిలో ఒకటి ఎక్కువ పని చేస్తే ఆ హార్మోన్ పెరిగి బొక్కలు కరుగుతాయి, అక్కడక్కడ గడ్డలు వస్తాయి. దాన్ని బ్రౌన్ ట్యూమర్ అంటారు. మైక్రోస్కోపు కింద చూస్తే అచ్చం జీ.సీ.టీ. లాగానే ఉంటుంది. కానీ దానికి ఆపరేషన్ చేయాల్సింది గొంతులో, మోకాలికి కాదు. ఆ ఒక్క రక్త పరీక్ష చేయకపోతే మోకాలు కోసి, సిమెంటు నింపి, ఆరు నెలలకు ఇంకో బొక్కలో గడ్డ చూసుకోవాల్సి వస్తుంది.

తర్వాత బయాప్సీ, అంటే ముక్క పరీక్ష. సూదితో లోపలి నుంచి చిన్న ముక్క తీస్తాం. "ముక్క తీస్తే గడ్డ లేస్తది, పాకుతది" అనే భయం ఊళ్ళో బాగా ఉంది. సరైన చోట సరైన పద్ధతిలో తీస్తే అట్లా ఏం కాదు. కానీ ఎక్కడపడితే అక్కడ తీస్తే ఇబ్బంది నిజమే. రేపు ఆపరేషన్ కోత ఏ దారిలో పడుతుందో, సూది ఆ దారిలోనే పోవాలి. ఎందుకంటే సూది పోయిన దారిలో కూడా గడ్డ కణాలు మిగలొచ్చు, ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కలిపి తీసేస్తాం. అందుకే ఆపరేషన్ ఎవరు చేస్తారో, బయాప్సీ కూడా వాళ్ళ చేతుల మీదుగానో, వాళ్ళు చెప్పిన చోటో జరగాలి. బయాప్సీ ఒక ఊళ్ళో, ఆపరేషన్ ఇంకో ఊళ్ళో అయితే రెండో డాక్టరుకు మొదటి కోత సంకెళ్ళు వేస్తుంది. ముక్క పరీక్ష లేకుండా "చూస్తే జీ.సీ.టీ. లాగానే ఉంది" అని నేరుగా గోకేయడం మాత్రం అస్సలు వద్దు. ఆస్టియోసార్కోమా అనే నిజమైన క్యాన్సర్‌లో ఒక రకం ఎక్స్‌రేలో ఇలాగే మోసం చేస్తుంది. టీబీ కూడా మన దగ్గర ఎప్పుడూ మనసులో పెట్టుకోవాలి.

ఇటలీలో బొలోన్యాలో పనిచేసిన కంపనాచి అనే సర్జన్ ఈ గడ్డలను ఎక్స్‌రేను బట్టి మూడు దశలుగా విడదీశాడు. ఇప్పటికీ అందరం అదే వాడతాం. మొదటిది, గడ్డ బొక్క లోపలే ఉంది, గోడ బాగుంది. రెండోది, గోడ పల్చబడి ఉబ్బింది, కానీ తెగలేదు. మూడోది, గోడ పగిలి గడ్డ బయట కండలోకి వచ్చింది. మొదటి దశలో మా దగ్గరికి వచ్చే వాళ్ళు తక్కువ. ఎక్కువ మంది రెండు, మూడు మధ్యలో వస్తారు.

ఇప్పుడు ఆపరేషన్. దీన్ని ఎక్స్‌టెండెడ్ క్యూరెటాజ్ అంటారు. తెలుగులో చెప్పాలంటే గోకి శుభ్రం చేయడం. "గోకుడే కదా" అని తేలిగ్గా అనుకుంటారు, అక్కడే చాలా కేసులు చెడిపోతాయి. ఇది చిన్న ఆపరేషన్ కాదు.

తొడకు రక్తం ఆపే పట్టీ కడతాం. మామూలుగా అయితే రబ్బరు పట్టీతో కాలిని బిగించి రక్తం పైకి పిండుతాం, ఇక్కడ అట్లా పిండం, గడ్డ నలిగిపోకూడదు కాబట్టి. కాలు కాసేపు పైకి ఎత్తి ఉంచి పట్టీ బిగిస్తాం. తర్వాత బొక్కకు కిటికీ తీస్తాం. ఈ కిటికీ ఎంత పెద్దదన్నదే ఈ ఆపరేషన్‌కు ప్రాణం. మూతి చిన్నదిగా ఉన్న కుండను లోపల కడగాలంటే చెయ్యి పట్టదు, అడుగు మూలల్లో మడ్డి అట్లాగే ఉంటది. గూడు ఎంత వెడల్పుందో కిటికీ కూడా దాదాపు అంత ఉండాలి, ప్రతి మూలా కళ్ళతో కనబడాలి. బొక్క పోతుందేమో అని భయపడి చిన్న కన్నం పెట్టి చెంచాతో గోకితే, మూల మీద మిగిలిన కణాలు ఏడాదికల్లా మళ్ళీ గూడు కడతాయి.

చెంచాల్లాంటి పనిముట్లతో గడ్డ అంతా తీసేశాక, గోడ మీద చిన్న చిన్న గుంటల్లో ఇంకా దాక్కుని ఉంటాయి. వాటి కోసం హై స్పీడ్ బర్. పళ్ళ డాక్టరు దగ్గర తిరిగే డ్రిల్లు చూశారు కదా, ఆ జాతిదే. దాంతో గోడను అన్ని పక్కలా కొన్ని మిల్లీమీటర్లు చెక్కుకుంటూ పోతాం, మంచి బొక్క కనబడేదాకా. తర్వాత లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడుగుతాం. ఆ పైన ఇంకో దెబ్బ కొడతాం: ఫినాల్ గానీ, హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ, కరెంటుతో కాల్చడం గానీ. కొన్ని పెద్ద సెంటర్లలో ద్రవ నైట్రోజన్ పోసి గడ్డ కట్టిస్తారు. ద్రవ నైట్రోజన్ బాగా పనిచేస్తుంది కానీ బొక్కను పెళుసు చేస్తుంది, చర్మానికి తగిలితే పుండు పడుతుంది. ఫినాల్ కూడా పక్కన నరానికి తగలకుండా దూదితో అద్దుతూ జాగ్రత్తగా వాడాలి. వీటిలో ఏది గొప్ప అని డాక్టర్ల మధ్య వాదన ఎప్పటికీ ఉంటుంది. నన్నడిగితే, సగం పైగా ఫలితం కిటికీలోనూ బర్‌లోనూ ఉంది. ఓపికగా గంట చెక్కని చోట ఏ మందు పోసినా లాభం లేదు.

ఇక మిగిలింది పెద్ద ఖాళీ. ఒక్కోసారి నిమ్మకాయంత, ఒక్కోసారి నారింజకాయంత. దీన్ని బోన్ సిమెంటుతో నింపుతాం. పేరు సిమెంటే కానీ ఇల్లు కట్టే సిమెంటు కాదు, అదొక రకం ప్లాస్టిక్, కట్టుడు పళ్ళ సెట్టు చేసేది కూడా ఆ పదార్థంతోనే. పిండిలా కలిపి నింపితే పది పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి మిగిలిన కణాలు కొన్ని చస్తాయి. వెంటనే బలం వస్తుంది కాబట్టి మనిషిని తొందరగా నిలబెట్టొచ్చు. ఇంకో లాభం, రేపు గడ్డ తిరిగి వస్తే తెల్లటి సిమెంటుకూ బొక్కకూ మధ్య నల్లటి గీత ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడుతుంది. బొక్క ముక్కలతో నింపితే, అది కరుగుతోందా, గడ్డ తిరిగొస్తోందా తేల్చుకోవడం కష్టం.

కానీ ఒక చిక్కుంది. ఈ గడ్డ కీలు అంచు దాకా పోతుందని చెప్పాను కదా. కీలు మీది మృదులాస్థికి, అంటే ఆ నున్నటి పూతకు కింద పల్చటి బొక్క పెంకు మాత్రమే మిగిలి ఉంటుంది. దానికి నేరుగా వేడి సిమెంటు ఆనిస్తే పూత దెబ్బతింటుంది, పదేళ్ళకు ఆ మోకాలు అరిగిపోతుంది. అందుకని నడుము పక్కన ఉండే ఎముక నుంచి బొక్క ముక్కలు తీసి, ముందు కీలు కింద ఒక పొర పరుస్తాం. దాని మీద జెల్‌ఫోమ్ అనే మెత్తటి పొర. దాని మీద సిమెంటు. దీన్ని శాండ్‌విచ్ పద్ధతి అంటారు. మన భాషలో చెప్పాలంటే, వేడి గిన్నె కింద గుడ్డ పెట్టినట్టు. దానికి తోడు పక్కన ప్లేటు, స్క్రూలు వేస్తాం. ఇట్లా చేసిన మోకాలు ఎవరిదో కాదు, వాళ్ళ సొంతది. వంగుతుంది, మెట్లు ఎక్కుతుంది.

ఆపరేషన్ అయ్యాక సిమెంటు, ప్లేటు ఉన్న వాళ్ళను కొద్ది రోజుల్లోనే వాకర్‌తో నడిపిస్తాం, మోకాలు వంచే వ్యాయామం మొదలుపెడతాం. బొక్క ముక్కలు ఎక్కువ పెట్టిన వాళ్ళు రెండు మూడు నెలలు పూర్తి బరువు వేయకూడదు. ఈ విషయంలో ఎవరికి వాళ్ళు వేరు, పక్క మంచం అతను నడుస్తున్నాడని మీరు నడవకండి.

ఇప్పుడు కష్టమైన భాగానికి వద్దాం. గోడ పగిలి గడ్డ బాగా బయటికి వచ్చేసింది, కీలు పెంకు మిగల్లేదు, లేదా విరిగి ముక్కలైపోయింది. అప్పుడు గోకడానికి ఏమీ ఉండదు, ఆ కొస మొత్తం కోసి తీసేయాలి. విరిగిన ప్రతి కేసుకూ ఇది అవసరం లేదు, చిన్న పగులైతే అప్పుడు కూడా గోకి కాపాడొచ్చు. కానీ తీసేయాల్సి వచ్చినప్పుడు ఆ ఖాళీలో ఏం పెట్టాలి? అక్కడ మనిషి జీవితం చూడాలి, ఎక్స్‌రే ఒక్కటే చూస్తే చాలదు.

ఒక దారి మెగా ప్రొస్థెసిస్, అంటే బొక్క కొసతో సహా మొత్తం లోహపు మోకాలు. కొద్ది రోజుల్లో నడుస్తారు, కాలు వంగుతుంది, కుర్చీలో కూర్చుంటారు. వినడానికి ఇదే బాగుంటుంది. కానీ ఇరవై ఆరేళ్ళ మనిషికి అది జీవితాంతం రాదు. వదులవుతుంది, అరుగుతుంది, పదిహేనేళ్ళకో ఇరవై ఏళ్ళకో, ఒక్కోసారి ఇంకా ముందే మార్చాలి. మార్చిన ప్రతిసారీ బొక్క తగ్గుతుంది. చీము పట్టిందంటే అదొక పెద్ద యాతన. కింద గొంతుక్కూర్చోవడం, బరువు మోయడం, నాగలి సాలులో నడవడం కుదరదు.

ఇంకో దారి ఆర్థ్రోడెసిస్, అంటే మోకాలు వంగకుండా తొడ బొక్కనూ కాలి బొక్కనూ పొడవాటి రాడ్డుతో, సొంత బొక్క ముక్కలతో అతికించేయడం. కుదిరిందంటే కాలు కర్రలా గట్టిగా ఉంటుంది, బరువు మోస్తుంది, ముప్పై ఏళ్ళయినా మార్చే పని ఉండదు. కానీ వంగదు. బస్సులో సీటు మధ్యలో పట్టదు, బంతిలో కూర్చుని అన్నం తినలేరు, మరుగుదొడ్డి కుర్చీది కావాలి. అతకడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది.

ఇందులో ఏది మంచిది? కరీంనగర్‌లో కంప్యూటర్ ముందు పని చేసే మనిషికి నేను లోహపు మోకాలు చెప్తాను. కెరమెరి ఘాట్ పైన గూడెంలో ఉండి, రోజూ ఎత్తుపల్లాల్లో నడిచి, దవాఖానకు రావాలంటే ఒక రోజు పోయే మనిషికి అదే చెప్పడానికి నాకు మనసొప్పదు. చీము పట్టిన రాత్రి అతను ఎక్కడికి పోవాలి? అలాంటి వాళ్ళలో కొంతమంది వంగని కాలుతో చక్కగా వ్యవసాయం చేసుకుంటారు. అయినా ఆ నిర్ణయం నాది కాదు, వాళ్ళది. వంగని కాలు ఎట్లా ఉంటదో తెలియాలంటే, సంతకం పెట్టే ముందు రెండు రోజులు మోకాలికి కట్టు వేసి ఇంట్లో తిరగమంటాను. నేల మీద కూర్చుని బీడీలు చుట్టే ఆమెకు ఆ రెండు రోజుల్లో అర్థమైనంతగా నేను గంట చెప్పినా అర్థం కాదు. ఈ మొత్తం బాధ ఆ కీలు పెంకు మిగిలి ఉన్నప్పుడు రాకపోవడం వల్ల వచ్చింది. నాలుగు నెలలు అని మొదట్లో అన్నది దీని గురించే.

మోకాలి బయటి పక్క సన్న బొక్క, దాని తలలో వస్తే మాత్రం సులువు. అది బరువు మోసే బొక్క కాదు, తీసేయొచ్చు. దాన్ని చుట్టుకుని పోయే నరాన్ని కాపాడుకోవాలి, లేకపోతే పాదం పైకి లేవదు.

"ఆపరేషన్ లేకుండా ఇంజెక్షన్ ఏదో ఉందట కదా సార్?" ఉంది. డెనోసుమాబ్ అని, ఈ గడ్డకు 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. నెలకోసారి చర్మం కింద వేస్తారు, మొదటి నెలలో రెండు అదనంగా. ఇందాక మేస్త్రీ, కూలీల సంగతి చెప్పాను కదా, ఈ ఇంజెక్షన్ కూలీలను ఆపుతుంది. గడ్డ గట్టిపడుతుంది, నొప్పి తగ్గుతుంది. మేస్త్రీ చావడు. ఇంజెక్షన్ ఆపితే మళ్ళీ మొదలు. పైగా గట్టిపడిన కొత్త గోడలో కణాలు దాక్కోవడం వల్ల, ఇంజెక్షన్ తర్వాత గోకిన వాళ్ళలో గడ్డ తిరిగి రావడం ఎక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. అందుకని అసలు ఆపరేషన్ చేయలేని చోట, లేదా కోసి తీయబోయే ముందు కొన్ని నెలలు మాత్రమే వాడటం మంచిదని నా అభిప్రాయం. పళ్ళు చూపించుకోకుండా, గర్భం లేదని తేల్చుకోకుండా వేయించుకోవద్దు. రేడియేషన్ కూడా మోకాలి దగ్గర ఇవ్వం, ఏళ్ళ తర్వాత అక్కడే నిజమైన క్యాన్సర్ రావొచ్చు.

తిరిగి వస్తుందా? రావొచ్చు. ఉత్తగా గోకి వదిలేస్తే మూడో వంతు నుంచి సగం మంది దాకా తిరిగి వస్తుంది. బర్, ఫినాల్, సిమెంటు అన్నీ సరిగ్గా వాడితే వందలో పది నుంచి పాతిక మంది మధ్యకు తగ్గుతుంది. మొత్తం కోసి తీసేస్తే ఇంకా తక్కువ. ఎక్కువగా మొదటి రెండేళ్ళలో వస్తుంది. కాబట్టి రెండేళ్ళ పాటు మూడు నాలుగు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి మోకాలికీ ఛాతీకీ ఎక్స్‌రే. తొందరగా కనిపెడితే మళ్ళీ గోకి, మళ్ళీ నింపి ఆ మోకాలినే కాపాడొచ్చు.

ఛాతీ ఎందుకో ఇప్పుడు చెప్తా. ఇది క్యాన్సర్ కాకపోయినా వందలో ఇద్దరు ముగ్గురిలో ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలు కనబడతాయి. భయపడి ఇంటికి తీసుకుపోకండి. వాటిలో చాలా వరకు నెమ్మదిగా ఉంటాయి, కొన్ని వాటంతటవే ఆగిపోతాయి, కొన్ని తీసేయొచ్చు. కానీ ఉన్నాయని తెలియాలి.

గల్ఫ్ పోయే వాళ్ళకు ప్రత్యేకంగా చెప్తున్నా. ఆపరేషన్ అయిన ఆరు నెలలకు నడక బాగుందని విమానం ఎక్కేస్తారు, రెండేళ్ళ తర్వాత సెలవు మీద వస్తారు. ఆ రెండేళ్ళే అసలు ప్రమాదమున్న కాలం. పోవద్దని నేను చెప్పలేను, అప్పు మీ నెత్తి మీద ఉంది. అక్కడే మూడు నెలలకోసారి ఎక్స్‌రే తీయించి ఫోటో పంపండి. నిచ్చెనలు ఎక్కే పని, బరువులు మోసే పని ఒప్పుకోకండి.

ఎక్కడికి పోవాలి అంటారా? మొదటి ఎక్స్‌రే మీ దగ్గరి జిల్లా దవాఖానలో చాలు, ఆదిలాబాద్ వాళ్ళకు రిమ్స్ ఉంది. ఆ తర్వాత ఆపరేషన్‌కు బొక్క గడ్డల పని తరచుగా చేసే సర్జన్, ముక్కను చదవగల పాథాలజిస్టు ఇద్దరూ ఒక చోట ఉన్న దవాఖాన కావాలి. మూడో దశదైతే హైదరాబాద్ పోవడానికి వెనకాడకండి, నిమ్స్ ఉంది, ఎం.ఎన్.జె. ఉంది. ఆదిలాబాద్ వాళ్ళు చాలామంది నాగ్‌పూర్ పోతారు, దగ్గర కాబట్టి. పోండి, కానీ రాష్ట్రం దాటితే మీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి పది లక్షలు అయింది. మీ ఆపరేషన్ అందులో ఏ కింద వస్తుంది, ప్లేటు, సిమెంటు కలిసే ఉన్నాయా అన్నది దవాఖానలో ఆరోగ్యమిత్రను అడగండి, డాక్టరును కాదు, మాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

చివరగా, అమ్మాయిల తల్లిదండ్రులు గది తలుపు దగ్గరికి వేసి మెల్లగా అడిగే ప్రశ్న ఒకటుంది. "పెళ్ళి చేయొచ్చా సార్?" చేయొచ్చు. ఇది అంటు జబ్బు కాదు, తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు. గర్భంతో ఉన్నప్పుడు ఈ గడ్డలు కొన్ని తొందరగా పెరగడం చూస్తాం కాబట్టి, ఆపరేషన్ తర్వాత మొదటి రెండేళ్ళు గడిచాక పిల్లల గురించి ఆలోచిస్తే మేలు. అప్పటిదాకా తీసిన ప్రతి ఫిల్మూ, బయాప్సీ రిపోర్టూ, దవాఖాన వాళ్ళు ఇచ్చిన మైనం దిమ్మె కూడా భద్రంగా పెట్టండి. అత్తగారింటికి పోయేటప్పుడు అవి కూడా వెంట పంపండి. కొత్త ఊళ్ళో కొత్త డాక్టరుకు పాత ఎక్స్‌రే పక్కన పెడితేనే కొత్త దాంట్లో నల్లగీత కనబడుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఎదిగే పిల్లల మోకాలి దగ్గర వచ్చే గడ్డల గురించి మాట్లాడుకుందాం.